కడియం రోడ్డులో మరిగే కారు

రాజమండ్రిలో పాత కార్ల ఇంజన్లు విప్పడం, మళ్ళీ బిగించడం, ఇదే నా జన్మంతా. ఇప్పుడు షెడ్డు మా తోడల్లుడి కొడుక్కి అప్పగించి, పొద్దున్నే పేపరు చదువుతూ, అందులో తప్పులు వెతుకుతూ కూర్చుంటున్నాను. ఐటీఐ చదివి కొత్తగా పనిలో చేరిన కుర్రాళ్ళు అప్పుడప్పుడు వచ్చి, "మీ టైములో పని ఎలా ఉండేదండి దాసుగారూ?" అని అడుగుతారు. అడగడం వరకే. నేను నోరు తెరవగానే ఫోను చూసుకుంటారు. అందుకే రాసి పెడుతున్నాను. కరెంటు పోయి ఫోను చచ్చిపోయిన రోజున చదువుతారని ఆశ.

నేను ఎన్ని షెడ్డులు మారాను, సొంత షెడ్డు ఎప్పుడు పెట్టాను, ఎవరు శాలువా కప్పారు, ఇవేవీ ఇందులో ఉండవు. కప్పింది ఒక్క శాలువా. దాన్ని మా ఆవిడ ఇస్త్రీ బల్ల మీద పరిచింది. నేను చెప్పేది ముఖ్యంగా ఒక కారు గురించి. దాన్ని నేను బాగానే బాగుచేశాను. బాగుచేసినందుకు మాటపడింది మాత్రం జీవితంలో ఆ ఒక్కసారే. అంతకన్నా పెద్ద సంగతి, నా రిపేరు వల్ల ఇద్దరు అన్నదమ్ముల మధ్య మిగిలిన కాస్త దారి కూడా మూసుకుపోబోయింది.

నూకరాజు మేస్త్రి మీసం

ముందు మా గురువుగారి గురించి చెప్పాలి. చెప్పకపోతే పైనుంచి తిడతాడు. నూకరాజు మేస్త్రిది రాజమండ్రి జాంపేటలో రేకుల షెడ్డు. మనిషి పొట్టి. గొంతు మాత్రం గోదావరి దాటి కొవ్వూరులో వినపడేది. ఎవరైనా కారు తెచ్చి, "మేస్త్రీ, రేడియేటరు లీకు" అన్నారంటే ఆయనకి ఒళ్ళు మండిపోయేది. ఏం లీకో తను చెబుతాడట, ఎన్ని మైళ్ళకి ఎన్ని నీళ్ళు తాగుతోందో అది మాత్రం వాళ్ళు చెప్పాలట. రోగం పేరు పేషెంటు చెప్పకూడదని ఆయన పట్టుదల. ఆ పట్టుదల నాకూ అంటుకుంది. ఇప్పటికీ డాక్టరు దగ్గరికి వెళ్ళి నొప్పి ఎక్కడో చెప్పను, ఆయన్నే వెతుక్కోమంటాను. మా ఆవిడ తల కొట్టుకుంటుంది.

వేడి ఇంజను మీద రేడియేటరు మూత తియ్యకూడదు, అరగంట ఆగాలి అని ఆయన మాకు రోజూ పాఠం చెప్పేవాడు. తను మాత్రం ఆగేవాడు కాదు. గుడ్డ వేసి తిప్పేసేవాడు. ఒకరోజు ఆవిరి ఎగిరి ముక్కు కింద పొక్కులు లేచాయి. మందు రాయాలంటే మీసం తీసెయ్యాలన్నారు. మీసం తీశాక షెడ్డుకి వచ్చిన కస్టమర్లు ఆయన దగ్గరికే వచ్చి, "మేస్త్రిగారు లేరా?" అని అడిగేవారు. రెండు మూడుసార్లు ఓపిగ్గా చెప్పాడు. తర్వాత, "ఊరెళ్ళాడు, మీసం మొలిచాక వస్తాడు" అనడం మొదలుపెట్టాడు.

నవ్వుకోండి, ఫరవాలేదు. కానీ అరగంట చేతులు కట్టుకుని ఊరికే నిలబడలేనివాళ్ళు ఈ పనిలోకి రాకండి. వేరే పనులు బోలెడున్నాయి.

తవుడు వైద్యం

మనవైపు కారులో నీళ్ళు కారితే ముందు మెకానిక్కు దగ్గరికి రారు, వంటింట్లోకి వెళ్తారు. రేడియేటరులో పసుపు పోసినవాళ్ళని చూశాను. కోడిగుడ్డు తెల్లసొన పోసినవాళ్ళనీ చూశాను. ఆ పచ్చసొన ఏం చేశారని అడిగితే, అట్టు వేసుకున్నామన్నారు. మండపేట వైపు అయితే తవుడు. మిల్లుల ఊరు కదా, తవుడుకి కొదవేముంది. రెండు గుప్పిళ్ళు పోస్తే అది నీళ్ళలో నాని, ఉబ్బి, చిల్లు ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్ళి అక్కడ అడ్డుపడుతుంది. లీకు ఆగుతుంది. ఆగదని నేను అనను.

అయితే తవుడుకి కళ్ళు లేవు. చిల్లుకి అడ్డుపడినట్టే రేడియేటరులో ఉండే సన్నటి గొట్టాలకీ అడ్డుపడుతుంది. అప్పుడు నీళ్ళు తిరగవు, ఇంజను మరుగుతుంది. మరిగితే మళ్ళీ నీళ్ళు పోస్తారు. అవి ఎక్కడివి, పక్కన పారే కాలవలోవి. వరదల రోజుల్లో ఆ నీళ్ళు ఎర్రగా, సగం మట్టితో ఉంటాయి. ఆ మట్టంతా ఇంజను బ్లాకు అడుగుకి, వెనక్కి చేరి గట్టిపడుతుంది. నేను ఒకసారి అలాంటి రేడియేటరు విప్పి నీళ్ళు బయటికి వంపితే అచ్చం కుడితి వాసన. పక్కింటివాళ్ళ గేదె తాడు తెంపుకుని మా షెడ్డులోకి వచ్చేసింది. దాన్ని బయటికి తోలడానికి నలుగురం పట్టాం.

ఇప్పుడు డబ్బాల్లో ఆకుపచ్చ కూలెంటు వస్తోంది, పింకుది వస్తోంది. మీరు అదృష్టవంతులు. ఆ రెండూ కలపకండి, అదొక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు.

గేటుకి ఎదురుగా

ఇక ఆ కారు. తొంభైల చివర్లో మాట. మండపేటలో రైసుమిల్లు ఉన్న సూర్యారావుగారు అని ఒకాయన ఉండేవారు. అరవై దాటిన మనిషి, తెల్ల పంచె, మాట తక్కువ. వాళ్ళ నాన్నగారు కొన్న ల్యాండ్‌మాస్టర్ కారు, అంబాసిడరుకి ముందుతరంది, ఆయన దగ్గర ఉండేది. అప్పటికే దాని సావాసగాళ్ళంతా తుక్కులోకి వెళ్ళిపోయారు, ఇది మాత్రం రోజూ తుడిచిన ఇత్తడి చెంబులా ఉండేది. ఆయన ప్రతి గురువారం అందులో రాజమండ్రి వచ్చి, బియ్యం వ్యాపారులతో పని చూసుకుని, సాయంత్రానికి వెళ్ళిపోయేవారు. డ్రైవరు అప్పన్న. అయ్యగారు మాట్లాడని మాటలన్నీ అప్పన్నే మాట్లాడేవాడు.

ఒక గురువారం కారు నా షెడ్డు దగ్గర ఆపారు. ఇంజను మరుగుతోందట. అంతకుముందు ఎవరెవరో వాటర్ పంపు మార్చారు, గొట్టాలు మార్చారు, హెడ్ గాస్కెట్ మార్చారు. మరగడం మాత్రం ఎవరూ మార్చలేకపోయారు. ఎక్కడ మరుగుతోందని మా మేస్త్రి పద్ధతిలో అడిగాను.

"కడియం అవతలండి, పెద్దబాబుగారి తోట గేటు దగ్గర," అన్నాడు అప్పన్న.

"ప్రతిసారీ అక్కడేనా?"

"ఆయ్. గేటుకి ఎదురుగానేనండి."

నాకు నవ్వొచ్చింది. ఒక ఇంజను ప్రతిసారీ ఇంచుమించు ఒకే దూరానికి మరగడంలో వింత లేదు. అటు అడుగు ఇటు అడుగు కాకుండా ఒక గేటుకి సూటిగా మరగడంలో ఉంది. సూర్యారావుగారు టీ తాగడానికి అవతలికి వెళ్ళగానే అప్పన్న గొంతు తగ్గించి సంగతంతా చెప్పాడు. అతను గొంతు తగ్గిస్తే వీధి చివరిదాకా వినపడుతుంది.

పెద్దబాబుగారంటే సూర్యారావుగారి అన్నగారు, వీర్రాజుగారు. తండ్రి పోయాక పంపకాల్లో మిల్లు తమ్ముడికి, కడియం రోడ్డులో కొబ్బరితోట అన్నకి వచ్చాయి. అంతవరకు పేచీ లేదు. కారు దగ్గర వచ్చింది. చీటీలు వేస్తే తమ్ముడికి పడింది. ఆ కారుని కొన్ననాటినుంచీ కడిగింది, తుడిచింది, నడిపింది అన్న. స్టీరింగు పట్టుకోవడం కూడా రానివాడికి దక్కిందని ఆయన పెద్దల ముందు ఒక మాట అనేశారు. నడపడానికి డ్రైవరు దొరుకుతాడులే, నువ్వు అక్కర్లేదని తమ్ముడూ అనేశారు. అంతే, మాటల్లేవు.

మాటల్లేకపోవడం అంటే ఏంటో మనవాళ్ళకి వేరే చెప్పాలా. ఆడవాళ్ళు వస్తూ పోతూ ఉంటారు. పిల్లలు ఆ ఇంట్లో ఈ ఇంట్లో తింటారు. పెళ్ళిళ్ళలో ఇద్దరూ కనపడతారు, ఒకరు ఈ పక్క వరసలో, ఒకరు ఆ పక్క వరసలో. ఒకరికొకరు చెప్పుకోవలసింది ఏదైనా ఉంటే మధ్యలో ఉన్న మూడోమనిషితో చెబుతారు. వీళ్ళిద్దరికీ అలా పదేళ్ళకి పైగా గడిచింది.

అలా ఉండగా ఒక ఎండాకాలం, కాలవలు కట్టేసిన రోజుల్లో, కారు ఆ రోడ్డులో మరిగింది. కాలవలో చుక్క నీరు లేదు. దగ్గర్లో ఉన్నది తోటలో అన్నగారి ఇల్లొక్కటే. తప్పనిసరై అప్పన్న గేటు దగ్గరికి వెళ్ళాడు. బక్కెట్టు పట్టుకుని వీర్రాజుగారే బయటికి వచ్చారు. ఇంజను చల్లారేదాకా అక్కడే నిలబడి, ఎవరికీ ఇవ్వకుండా తనే నీళ్ళు పోశారు. తమ్ముడుగారు వెనక సీట్లో కూర్చునే ఉన్నారు. దిగితే ఇంటికి వచ్చినట్టు అవుతుంది కదా.

తర్వాత కాలవలు వదిలారు. రోడ్డు పక్కనే నిండుగా నీళ్ళు పారుతున్నాయి. అయినా ప్రతి గురువారం ఆ గేటు దగ్గరే కారు ఆగేది. అరగంట ఆగేది. ఆ అరగంటలో కబుర్లన్నీ అప్పన్న మీదుగా నడిచేవి. ఇద్దరికీ మధ్య దూరం రెండు గజాలు. "అప్పన్నా, వర్షాకాలం వస్తోంది, మిల్లు కప్పు చూపించుకోమని చెప్పు," అని వీర్రాజుగారు అనేవారు. "చూపించామని చెప్పు అప్పన్నా. మోకాలి నొప్పికి ఆ వైద్యుడి దగ్గరికి వెళ్ళారేమో అడుగు," అని సీట్లోంచి తమ్ముడుగారు. అప్పన్న మొదట్లో అటుదీ ఇటుదీ మళ్ళీ చెప్పేవాడట. వాళ్ళకి ముందే వినపడుతోందని తెలిశాక ఊరికే మధ్యలో నిలబడి తల ఊపేవాడట.

"మరి ఇప్పుడు బాగుచేయించడం దేనికి?" అని అడిగాను.

ఈ మధ్య గేటు దాకా రాకుండానే, ద్వారపూడి దగ్గర కూడా మరుగుతోందట. ఇలాగే వదిలేస్తే ఇంజను పట్టేస్తుందని వీర్రాజుగారే అప్పన్నతో చెప్పించారట, మంచి మేస్త్రికి చూపించమని. అలా నా దగ్గరికి వచ్చారు. ఇంత కథా విని నేను ఏం చేశాను? ఆ కారు నీళ్ళు ఎటు పోతున్నాయా అని ఆలోచించాను. నా బుర్ర అంతవరకే పనిచేసేది.

ముగ్గుపిండి

కారు రెండు రోజులు ఉంచమన్నాను. కింద నేల పొడిగా ఉంది. ఒక్క చుక్క లేదు. నీళ్ళు నేల మీద పడకుండా పోతున్నాయంటే రెండే దారులు. ఇంజను లోపలికి పోయి ఆయిల్లో కలవాలి, లేదా వేడిగా ఉన్నచోట పడి ఆవిరైపోవాలి. ఆయిలు చూస్తే శుభ్రంగా ఉంది.

ఇంజను చల్లగా ఉన్నప్పుడు రేడియేటరు మూత స్థానంలో నేను తయారుచేసుకున్న బిరడా పెట్టి, సైకిలు పంపుతో లోపలికి కాస్త గాలి కొట్టాను. ఇది మరీ గట్టిగా కొట్టకూడదు, కొడితే పాత రేడియేటరు చీరుకుపోతుంది. తర్వాత మా ఆవిడ డబ్బాలోంచి ముగ్గుపిండి తెచ్చి బ్లాకు చుట్టూ చల్లాను. పొడి పిండి మీద తడి తగిలితే గీత పడుతుంది, ఆ గీత పట్టుకుని వెనక్కి వెళ్తే కారే చోటు దొరుకుతుంది. మర్నాడు పొద్దున్న ముగ్గు వెయ్యబోతే డబ్బా ఖాళీ అని ఇంట్లో గొడవ అయింది. ఆ గొడవ ఇక్కడ రాయను.

బ్లాకు వెనక, గేరుబాక్సు కలిసే సందులో, చిన్న అద్దం పెట్టి చూస్తే పిండి మీద సన్నటి తడి గీత. ఇంజను బ్లాకుని పోతపోసినప్పుడు మిగిలిన కన్నాలకి గుండ్రటి రేకు బిళ్ళలు కొట్టి మూస్తారు. పక్కనున్నవి అందరికీ కనపడతాయి. వెనకది గేరుబాక్సు దించితే తప్ప కనపడదు. గేరుబాక్సు దించడం బద్ధకం కాబట్టి నాకు ముందు వచ్చినవాళ్ళంతా కనపడేవన్నీ మార్చి, కనపడనిదాన్ని వదిలేశారు. ఈ జబ్బు ఇప్పటి మీలోనూ చూస్తున్నాను. కంప్యూటరు తగిలించి, అది చూపించింది మార్చేసి చేతులు కడుక్కుంటారు. దాని తర్వాత మీ కళ్ళతో కూడా ఒకసారి చూడండి. కళ్ళకి చార్జింగు అక్కర్లేదు.

దించి చూస్తే ఆ బిళ్ళ తుప్పుపట్టి సిగరెట్టు కాగితమంత పలచబడింది. చల్లగా ఉన్నప్పుడు వెనకాల పేరుకున్న ఎర్రమట్టీ, అప్పన్న అప్పుడప్పుడు పోసిన తవుడూ కలిసి దాన్ని అడ్డుకునేవి. ఇంజను బాగా వేడెక్కి లోపల ఒత్తిడి పెరిగాక నీళ్ళు చిమ్మి, కింద కాలుతున్న పొగగొట్టం మీద పడి ఆవిరైపోయేవి. మండపేట నుంచి అన్నగారి గేటు దాకా సరిగ్గా ఆ వేడికి సరిపోయేది. కాస్త అటూఇటూ అయిన రోజున అప్పన్న సర్దేవాడనుకోండి.

పాత బిళ్ళ పీకేసి, బ్లాకులో మట్టంతా కడిగి, ఇత్తడి బిళ్ళ కొట్టాను. బిళ్ళ కూర్చునే అంచుని మెరిసేదాకా గీకాలి, సందు లేకుండా పట్టే లక్కలాంటి పూత పలచగా రాయాలి, బిళ్ళని వంకర లేకుండా సమంగా కొట్టాలి. రేడియేటరు సోల్డరింగుకి పంపి శుభ్రం చేయించాను. తర్వాత ధవళేశ్వరం బ్యారేజీ దాకా వెళ్ళి వస్తే నీళ్ళు మూతదాకా అలాగే ఉన్నాయి. సంతోషంతో ఆ సాయంత్రం అందరికీ పునుగులు తినిపించాను. సూర్యారావుగారు కారు తీసుకువెళ్తూ నాకు నమస్కారం కూడా పెట్టారు.

బాగుపడ్డాక

కొన్ని గురువారాలు గడిచాక మళ్ళీ వచ్చారు. కారు ఎలా ఉందండి అంటే, "బాగానే ఉంది," అన్నారు, ఇంట్లో ఎవరికో బాగాలేనట్టు. సౌండు తేడాగా ఉందేమో చూడమన్నారు. విన్నాను, ఏ తేడా లేదు. క్లచ్చు చూడమన్నారు, బాగుంది. చక్రాలు చూడమన్నారు. చూశాను. అన్నీ అయ్యాక కాసేపు నా గోడమీద క్యాలెండరు చదివి, "పాత ఇంజను కదా దాసూ. మరీ అంత గట్టిగా బిగించాలా?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. గట్టిగా బిగించినందుకు ఫిర్యాదు అంతకుముందు వినలేదు, తర్వాతా వినలేదు. నేను తెల్లమొహం వేసుకుని చూస్తుంటే ఆయన రోడ్డు మీదికి వెళ్ళి నిలబడ్డారు. అప్పుడు అప్పన్న చెప్పాడు. ఈసారి నిజంగానే గొంతు తగ్గించాడు.

రిపేరు అయ్యాక మొదటి గురువారం వీర్రాజుగారు ఎప్పటిలాగే బక్కెట్టుతో గేటు దగ్గర నిలబడ్డారట. కారు మరగలేదు. అప్పన్న అక్కడ స్లో చేసి అద్దంలో వెనక్కి చూశాడు, అయ్యగారు ఆపమంటారేమోనని. అయ్యగారు ఏమీ అనలేదు. కారు వెళ్ళిపోయింది. రెండో గురువారం వీర్రాజుగారు బక్కెట్టు లేకుండా నిలబడ్డారు. కారు వెళ్ళిపోయింది. ఆ తర్వాత నుంచి గేటు మూసి ఉంటోంది. తన ఇంటి నీళ్ళు వద్దనే తమ్ముడు పనిగట్టుకుని కారు బాగుచేయించుకున్నాడని ఆయన ఇంట్లో అన్నారట. చూపించుకోమని చెప్పింది తానేనని మరిచిపోయారో, అంత బాగా బాగవుతుందని అనుకోలేదో. ఇన్నాళ్ళూ వస్తూ పోతూ ఉన్న ఆడవాళ్ళని కూడా ఇక మండపేట గుమ్మం ఎక్కవద్దన్నారట. వీర్రాజుగారికి డెబ్భై ఏళ్ళు దగ్గరపడుతున్నాయి. ఈసారి గేటు పడితే మళ్ళీ తీసేవాళ్ళు ఉండరని అప్పన్న కళ్ళు తుడుచుకున్నాడు.

సూర్యారావుగారు లోపలికి వచ్చి ఈసారి సూటిగానే అడిగారు.

"ఒక్క చుక్క కారేలా చెయ్యలేవా దాసూ?"

చెయ్యలేక కాదు. ఆ సందులోకి పొడుగు స్క్రూడ్రైవరు పెట్టి ఆ బిళ్ళని ఒక్క పోటు పొడిస్తే చాలు. అయినా నాకు కోపం వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న ఇంజనుకి రోగం తెప్పించమంటే నా వల్ల కాదండి అన్నాను. దారిలో ఇంజను పట్టేస్తే ఇద్దరూ కలిసి నన్నే తిడతారు, ఆ ఒక్క విషయంలో మీకు మాటలు కలుస్తాయి అని కూడా అన్నాను. పెద్దమనిషి, నవ్వలేదు.

"ఆగాలని ఉంటే ఆపేయండి. దానికి లీకెందుకండీ?" అన్నాను.

"ఏమని ఆపమంటావు?" అన్నారాయన.

పానాలు, రెంచీలు, సుత్తులు గోడనిండా వేలాడుతున్నాయి, ఆ ప్రశ్నకి పనికొచ్చేది ఒక్కటీ లేదు. కారు ఒకసారి ట్రయలు వేద్దాం రండి అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా.

ట్రయలు

వెళ్ళే ముందు అప్పన్న చేతికి స్టెప్నీ ఇచ్చి, పంక్చరు ఉందేమో చూపించుకు రమ్మన్నాను. అందులో పంక్చరు లేదని అతనికీ తెలుసు. ఒకసారి నా మొహంలోకి చూసి, మారుమాట్లాడకుండా టైరు దొర్లించుకుంటూ వెళ్ళిపోయాడు. నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. సూర్యారావుగారు వెనక కూర్చున్నారు. వేమగిరి దాటాం, కడియం దాటాం. నర్సరీల పక్కనుంచి వెళ్తున్నంతసేపూ, వీళ్ళ ఇంటి గొడవలో తల దూర్చడానికి నువ్వెవడివిరా అని నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

గేటుకి ఎదురుగా కారు ఆపాను. ఇంజను ఆపి, హారను ఒకసారి కొట్టి, దిగి బానెట్టు ఎత్తాను. ఎందుకు ఆపావని వెనకనుంచి ఆయన అడిగారు. చూడాలండి అన్నాను. ఏం చూడాలని అడిగారు. నాకూ తెలీదండి అన్నాను.

కాసేపటికి గేటు తెరుచుకుంది. వీర్రాజుగారు వచ్చారు. తమ్ముడికన్నా పొడుగు, మోకాలు ఈడుస్తూ నడుస్తున్నారు. చేతిలో బక్కెట్టు లేదు. బానెట్టు వైపు చూశారు, వెనక సీటు వైపు చూశారు, తర్వాత చుట్టూ చూశారు. అప్పన్న ఏడని అడిగితే రాలేదండి అన్నాను. ఆయన మొహం చూడాలి మీరు. నవ్వితే బాగుండదని బానెట్టు కిందికి తల పెట్టేశాను.

"మేస్త్రీ, బాగుపడ్డ కారు ఇక్కడ ఎందుకు ఆగిందో ఆయన్ని అడుగు," అన్నారు.

"నా చేతులు ఖాళీ లేవండి. మీరే అడగండి," అన్నాను.

తిడతారనుకున్నాను. తిట్టలేదు. లోపలికి వెళ్ళిపోతారేమోనని భయపడ్డాను. వెళ్ళిపోలేదు. దగ్గరికి వచ్చి రేడియేటరు మీద అరచేయి దూరంగా పెట్టి వేడి చూసుకున్నారు. మూత తియ్యలేదు. మా మేస్త్రికి లేని ఓపిక ఆయనకి ఉంది. ఒక చెయ్యి మడ్‌గార్డు మీద వేసి నిలబడ్డారు. ఆ చెయ్యి దానంతటదే అక్కడ దుమ్ము తుడుస్తోంది. తమ్ముడుగారు సీట్లో పంచె కొస నలుపుతూ కూర్చున్నారు. నేను బిగించి ఉన్న నట్టునే మళ్ళీ మళ్ళీ బిగిస్తున్నాను. మధ్యలో నిలబడి తల ఊపేవాడు లేడు. రోడ్డు మీద కొబ్బరికాయల ట్రాక్టరు ఒకటి వెళ్ళింది. ముగ్గురం దాన్ని చూశాం. అది పోయాక చూడటానికి ఇంకేమీ లేదు.

ఇంజను చల్లారింది. వీర్రాజుగారు పైకండువా వేసి మూత మెల్లగా తిప్పి తీశారు. లోపల నీళ్ళు అంచుదాకా నిలిచి ఉన్నాయి. చాలాసేపు వాటినే చూశారు.

"నిండుగానే ఉన్నాయి కదరా," అన్నారు.

నన్ను 'రా' అనరు. నేను తల ఎత్తలేదు.

"ఉన్నాయన్నయ్యా," అని వెనకనుంచి వినపడింది.

"మరి ఎందుకాగావ్?"

ఏదో ఒకటి అనండి బాబూ అని మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

"దాహమేసింది," అన్నారు సూర్యారావుగారు.

నాకు ఏడుపొచ్చింది. తల బానెట్టు కిందే ఉంది కాబట్టి ఎవరూ చూడలేదు. వీర్రాజుగారు మూత మళ్ళీ పెట్టి, గట్టిగా తిప్పి, చేతులు కండువాకి తుడుచుకున్నారు.

"మనిషికి బక్కెట్టుతో పోస్తారేంట్రా. లోపలికి రా," అన్నారు.

వెనక తలుపు లోపలినుంచి కిర్రుమంది కానీ రాలేదు. ఎప్పుడూ అప్పన్నే తీసేవాడు, సూర్యారావుగారికి అలవాటు లేదు. నేను కదిలేలోపే వీర్రాజుగారు కుంటుకుంటూ అటు వెళ్ళి, హ్యాండిలుని కాస్త పైకెత్తి లాగారు. ఆ తలుపు అలా పైకెత్తి లాగితేనే వస్తుంది.